నెమరేసే మోటార్ సైకిల్

పోయిన నెల మా అల్లుడు కొత్త మోటార్ సైకిల్ కొని, ఖమ్మంలో మా ఇంటి గేటు ముందు ఆపాడు. కొబ్బరికాయ కొట్టడం అయింది, చక్రాల కింద నిమ్మకాయలు నలగడం అయింది. ఇంజను మాత్రం ఆపకుండా, దాని పక్కనే నిలబడి ఇరుగుపొరుగు వాళ్ళకు మైలేజీ గురించి చెబుతున్నాడు. నాకు ఆ చప్పుడు నచ్చలేదు. నిలబడి ఉన్న బండి అంత ఆయాసపడకూడదు. ఉండబట్టలేక వెళ్ళి, "బాబూ, ఆ కార్బురేటరు ఒకసారి సరిచేయించు, కాస్త నెమ్మదిస్తుంది" అన్నాను.

అల్లుడు మర్యాదస్థుడు. నవ్వు ఆపుకుని, "అత్తయ్యా, ఇప్పటి బళ్ళకు కార్బురేటర్లు ఉండవు. అంతా కంప్యూటరే చూసుకుంటుంది" అన్నాడు. మా అమ్మాయి మాత్రం నవ్వు ఆపుకోలేదు. ముప్పయ్యేళ్ళు పిల్లలకు ఎక్కాలు చెప్పిన మనిషికి కార్బురేటరుతో ఏం పని అని దాని ప్రశ్న.

లోపలికి వచ్చి కూర్చున్నాను. చెబితే నవ్వుతారు గానీ, నాకు ఏడుపొచ్చింది. నాకు కార్బురేటరు అంటే ఏమిటో చెప్పిన మనిషి పోయి రెండేళ్ళు కావస్తోంది. ఆయన పోయాడన్న కబురు తట్టుకున్నాను. ఇప్పుడు కార్బురేటరు కూడా పోయిందంటే తట్టుకోలేకపోయాను. ఈ మాట ఆయన చెవిన పడి ఉంటే, "అయితే అది బండి కాదు టీచరమ్మా, రేడియో" అని తీసిపారేసేవాడు.

ఆయన పశువుల దవాఖానాలో కాంపౌండరు. ఊళ్ళో వాళ్ళకు మాత్రం డాక్టర్ సారు. ఎనభైల మొదట్లో నేను మధిర వైపు నుంచి టీచరు ఉద్యోగానికి ఆ ఊరు వెళ్ళాను. మణుగూరు నుంచి భద్రాచలం పోయే రోడ్డు మీది ఊరు. రోడ్డుకు ఒక పక్క మిరప చేలు, ఇంకో పక్క అడవి. సారపాక దాకా పోయి గోదావరి బ్రిడ్జి దాటితే భద్రాచలం. ఆయన ఇంటి పక్క గది కిరాయికి ఉందంటే చూడటానికి వెళ్ళాను.

వసారాలో ఒక మోటార్ సైకిల్ నిలబెట్టి ఉంది. దాని పక్కన ఒక మనిషి మోకాళ్ళ మీద కూర్చుని, చెవుల్లో స్టెతస్కోపు పెట్టుకుని, రెండో కొస ఇంజను మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. గుమ్మం బయట ఒక రైతు, రైతు వెనక ఒక బర్రె, ఇద్దరూ ఓపిగ్గా ఎదురుచూస్తున్నారు. నేను నోరు తెరవబోతే లోపలి నుంచి ఆయన భార్య వచ్చి, "జర మెల్లగ టీచరమ్మా. సారు చూస్తున్నడు" అంది.

కాసేపటికి ఆయన కళ్ళు తెరిచి, "కడుపుబ్బరం" అన్నాడు.

"బర్రెకా అండీ" అన్నాను.

"బర్రెకు జలుబు. కడుపుబ్బరం దీనికి. పెట్రోలు ఎక్కువ తింటున్నది, గాలి సరిపోతలేదు."

గది చూడకుండానే తీసుకున్నాను. ఇలాంటి మనిషి పక్కన ఉంటే పొద్దుపోదన్న బెంగ ఉండదనిపించింది.

ఆ బండి వచ్చిన తీరు కూడా వింతే. ఒక తునికాకు కాంట్రాక్టరు ఎడ్లకు గాలికుంటు రోగం వస్తే ఈయన దగ్గరుండి బతికించాడట. కాంట్రాక్టరు సంతోషం పట్టలేక, ఎప్పుడో మిలిటరీ వేలంలో కొని మూలన పడేసిన ఇంగ్లీషు మోటార్ సైకిల్ ఇస్తానన్నాడు. బండి ఊళ్ళోకి ఎడ్లబండి మీద వచ్చింది. లాగింది ఆ బతికిన ఎడ్లే. వసారాలో దించిన నాటి నుంచి దానికి వైద్యం నడుస్తూనే ఉంది.

ఆయన లెక్కలో అది పశువు. కార్బురేటరు దాని కడుపు. పెట్రోలు మేత, గాలి నీళ్ళు. మేత ఎక్కువై నీళ్ళు తగ్గితే నల్లటి పొగ. నీళ్ళెక్కువై మేత తగ్గితే నీరసం, దగ్గు. రెండూ కుదిరినప్పుడు బండి నిలబడ్డ చోటే నెమరేస్తుంది. డుగ్గు మని ఒకటి పలికి, ఇక ఆగిపోయిందేమో అని మనం అనుకునేంతలో తీరిగ్గా ఇంకోటి పలకాలి. మెకానిక్కులు దీన్ని ఐడ్లింగ్ అంటారని తర్వాత తెలిసింది. నాకు మాత్రం ఇప్పటికీ నెమరే.

కార్బురేటరులో జెట్టు అని ఇత్తడి ముక్క ఒకటి ఉంటుంది. సూది దూరేంత బెజ్జం దానికి. రోజూ దాన్ని విప్పి, ఊది, ఎండకు పెట్టి చూసి, ఇంజక్షన్ సూదితో శుభ్రం చేసేవాడు.

"ఆ సూది మళ్ళీ బర్రెలకు వేస్తారా ఏమిటి" అన్నాను ఒకసారి.

"ఛ. బర్రెలకు వేసిన సూది దీనికి వేస్త. దీనికి వేసింది బర్రెలకు వెయ్య. గట్ల చేస్తె పాపం గాదా."

నెమరు కుదిరిందో లేదో చెప్పేది ఒక నల్ల పెట్ట. అది ఆ బండి సీటు మీదే పడుకునేది, సీటు మీదే గుడ్లు పెట్టేది. ఈయన ఇంజను స్టార్ట్ చేసి, స్క్రూ అటో వీసం ఇటో వీసం తిప్పుతూ కోడినే చూసేవాడు. కోడి మెడ ఎత్తిందంటే గాలి ఎక్కువైనట్టు. రెక్కలు దులిపిందంటే మేత ఎక్కువైనట్టు. కళ్ళు మూసుకుని అట్లాగే పడుకుంటే, ఆయన మొహం చూడాలి. ఆనందంతో నన్ను పిలిచేవాడు. నేను పిల్లల కాపీలు దిద్దుతూ ఉన్నా సరే, వచ్చి నిద్రపోతున్న కోడిని చూసి మెచ్చుకోవాలి. మెచ్చుకునేదాన్ని.

వాల్వుల సంగతి ఇంకో పురాణం. ఇంజన్లోకి మేత పోవడానికి ఒక తలుపు, పొగ బయటికి పోవడానికి ఒక తలుపు ఉంటాయట. వాటిని తెరవడానికి రెండు ఊచలు. ఊచకూ తలుపుకూ నడుమ సందు ఎక్కువైతే టకటకమని చప్పుడు. మరీ బిగిస్తే తలుపు సరిగ్గా మూసుకోక ఎంత తన్నినా బండి లేవదు. అందుకని ఇంజను పక్కనున్న మూత విప్పి, ఊచను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని తిప్పి చూసేవాడు.

"తిరగాలె, ఎగరొద్దు" అనేవాడు. ఊచ వేళ్ళ మధ్య సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఈ సూత్రం ఆయన అన్నిటికీ వాడేవాడు. మా హెడ్మాస్టరుతో ఎలా మెలగాలో తెలియక సలహా అడిగితే అదే చెప్పాడు. కోడలితో తగువు పెట్టుకున్న ముసలమ్మకూ అదే చెప్పాడు. మెడకు పలుపు కట్టడం గురించి అడిగిన రైతుకూ అదే. ఆ చివరిదానికి మాత్రం నిజంగానే సరిపోయింది.

అయితే వాల్వుల పని ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే చెయ్యాలి. అందుకని తెల్లవారగానే, ఎండ తగలకముందే మొదలుపెట్టేవాడు. ఆ పని అయ్యేదాకా వసారా పక్కనున్న పొయ్యి వెలిగించకూడదు, ఇంజనుకు సెగ తగులుతుందట. ఆ ఇంట్లో చాయ్ వాల్వుల తర్వాతే. ఆ ఇంటి చాయ్‌కి అలవాటు పడ్డాక నాకూ వాల్వుల తర్వాతే. ఎండాకాలంలో ఆ ప్రాంతంలో ఇనుము చల్లబడటం అనేది ఉండదు. కాబట్టి ఉగాది వెళ్ళిన దగ్గర నుంచి తొలకరి దాకా ఆ మూత విప్పేవాడు కాదు. బండి టకటకలాడుతుంటే, "వడదెబ్బ. వానలు పడ్డంక చూద్దాం" అనేవాడు.

చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఫారెస్టు వాళ్ళు, కాంట్రాక్టర్లు, మణుగూరు గనుల వాళ్ళు బళ్ళు తెచ్చేవాళ్ళు. పశువుల వరుస ఒకటి, బళ్ళ వరుస ఒకటి. వైద్యం అయ్యాక ఒక చుట్టు తిప్పి చూడాలి గదా. ఈయన ఎప్పుడూ వెనకే కూర్చునేవాడు. "తోలేటోనికి గాలి చప్పుడే వినపడ్తది. రోగం వెనక కూసున్నోనికే తెలుస్తది" అని శాస్త్రం చెప్పేవాడు. అందరూ తలలూపేవాళ్ళు. నేనూ ఊపాను.

ఇంత చేసినా ఆయన తన బండి ఎక్కి ఎక్కడికీ పోయిన పాపాన పోలేదు. అడవి ఊళ్ళకు టీకాల క్యాంపులుండేవి. అక్కడికి మందుల సంచీ భుజాన వేసుకుని నడిచే పోయేవాడు. ఎందుకండీ అంటే ట్యూనింగ్‌లో ఉంది అనేవాడు. వడదెబ్బ తగిలింది అనేవాడు. ఒకసారి నల్ల పెట్ట సీటు మీద పొదుగుతోందని, పొదిగే కోడిని లేపితే పాపమని అన్నాడు. కోడిపిల్లలు గుడ్లలోంచి వచ్చి, పెరిగి, సీటు మీదే తిరుగుతున్నా ఆ పాపం తీరలేదు.

వాళ్ళావిడను నేను అక్కా అని పిలిచేదాన్ని. కొత్తగూడెం కోల్‌బెల్టులో పుట్టి పెరిగిన మనిషి, మాటకు మాట ఇవ్వగలదు. నా మధిర యాసకు నవ్వేది, నేను "వచ్చాడు" అంటే "వచ్చిండు అను, నోరేం పోదు" అనేది. ఆమెకు పెద్ద కోరికలేం లేవు. ఒకటే కోరిక. ఒక్కసారి సొంత బండి మీద గోదావరి బ్రిడ్జి దాటాలి. పెళ్ళయిన కొత్తలో బండి వసారాలో దిగిన నాడే అడిగిందట. రేపు పోదాం అన్నాడట. ఆ రేపు కోసం ఆమె ఏళ్ళుగా బండి చుట్టూ ఊడ్చుకుంటూ, బండి పక్కనుంచి ఒక వారగా ఇరుక్కుంటూ వంటింట్లోకి పోతూ ఎదురుచూసింది.

"ఎద్దును కట్టేసి మేపితే కాళ్ళు పడిపోతయని ఊరందరికీ చెప్తవు గదనయ్యా. మరి దీన్ని ఎన్నడు నడిపిస్తవు" అనేది.

"దీని జాతి వేరు" అనేవాడు ఆయన, తల తిప్పకుండా.

ఇలా ఎన్నాళ్ళు నడిచేదో గానీ, ఆమె చెల్లెలి మొగుడు స్కూటర్ కొన్నాడు. మణుగూరు గనుల్లో ఎలక్ట్రీషియన్. ఒక ఆదివారం పెళ్ళాన్నీ చంటిబిడ్డనూ ఎక్కించుకుని ఝుమ్మని వచ్చి దిగాడు. మన కాంపౌండరు స్కూటర్ చుట్టూ తిరిగి చూసి, "దీనికి వాల్వులే లేవు. వాల్వులు లేనిది కూడ ఒక బండేనా" అన్నాడు.

తోడల్లుడు నొచ్చుకోలేదు. "లేకుంటె లేకపాయె అన్నా, నడుస్తున్నది గదా" అన్నాడు. తర్వాత వచ్చిన పని చెప్పాడు. వచ్చే నెల భద్రాచలంలో పిల్లగాడి పుట్టు వెంట్రుకలు తీయిస్తున్నారు. "మేం స్కూటర్ మీద వస్తం. మీరు మీ బండి తియ్యుండ్రి. రెండు బండ్లు కలిసి బ్రిడ్జి దాటుదాం."

ఆయన గొంతు సవరించుకునే లోపలే అక్క, "అవ్, తీస్తం" అంది. చెల్లెలి ముందు అన్న మాట. ఇక వెనక్కి తీసుకునేది కాదు. వాళ్ళు వెళ్ళాక ఆయనతో, "ఈసారి ఈ బండి మీద పోకపోతే పాత ఇనుప సామానోనికి ఏస్త. కోడితో సహా" అంది. గొంతు పెంచకుండా అంది. ఆయన మొహం తెల్లబోయింది.

మర్నాడు బడి వదిలిపెట్టాక ఆయన స్కూలుకు వచ్చాడు. అటూ ఇటూ చూసి, నా సైకిల్ మీద చెయ్యి వేసి, "టీచరమ్మా, ఇది తొక్కుడు నాకు నేర్పుతవా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు. మోటార్ సైకిల్ కాదు, సైకిల్ కూడా రాదాయనకు. చిన్నప్పుడు ఒకసారి పడి, మళ్ళీ ఎక్కలేదట. రెండు చక్రాల మీద కూర్చుంటే లోకం పక్కకు ఒరిగినట్టుంటుందట, వెనక కూర్చుంటే కళ్ళు మూసుకోవచ్చు కాబట్టి పరవాలేదట. వెనక కూర్చునే శాస్త్రం అదన్నమాట.

"మా ఇంటామెకు తెల్వొద్దు" అన్నాడు. "ఆమె నా మీద శాన నమ్మకం పెట్టుకున్నది."

అక్క సంతకు పోయే రోజుల్లో స్కూలు వెనక మైదానంలో పాఠాలు మొదలయ్యాయి. నేను క్యారేజీ పట్టుకుని వెనకాల పరిగెత్తేదాన్ని. ఆయన నాలుగు గజాలు పోగానే కాలు కింద పెట్టి, "గొలుసు ఎండిపోయింది, విన్నవా" అనేవాడు. దిగి గొలుసుకు నూనె వేసేవాడు. మళ్ళీ ఎక్కి, "ముందు చక్రం బేరింగ్ పోయింది" అనేవాడు. ఆ నెలలో నా సైకిల్ కొత్తదానికన్నా బాగైంది. ఆయన మాత్రం పిల్లలు వేసిన బంతిపూల మడిలో పడటం తప్ప ఏమీ నేర్వలేదు.

అసలు తమాషా ఇది కాదు. ఆయన క్యాంపుకు పోయిన మొదటి రోజే అక్క నా దగ్గరికి వచ్చింది. మోటార్ సైకిల్ తోసుకుంటూ వచ్చింది. కాళ్ళకు ఆయన గమ్‌బూట్లు, చీర కుచ్చిళ్ళు కచ్చ పోసి బిగించింది.

"మైదానం గేటు తియ్యి టీచరమ్మా. ఎవరన్న వస్తె చెప్పు."

"అక్కా, మీకు వచ్చా ఇది?"

"చిన్నప్పుడు మా అన్నల సైకిల్ తొక్కిన. ఇగ ఈ క్లచ్చి, గేరు, అన్నీ ఏండ్ల నుంచి వింటనే ఉన్న. చెవులకు వచ్చింది, కాళ్ళకు రావాలె." బండి గేటు వైపు తిప్పుతూ అంది. "ఆయనకు రాదు. పెండ్లైన ఏడే తెలిసింది నాకు. నాకు తెల్సని ఆయనకు తెల్వదు. తెల్వనియ్యకు."

సంత రోజు మొగుడు, క్యాంపు రోజు పెళ్ళాం. ఒకరి సంగతి ఒకరికి చెప్పకుండా నోరు కట్టుకోవడం కష్టమై నాకు అన్నం సయించేది కాదు. ఊరికంతా తెలుసు, ఆ బండి చప్పుడు దాచితే దాగేదా. కానీ ఒక్కరూ పెదవి విప్పలేదు. ఎవరి ఎద్దుకు ఎప్పుడు జబ్బు చేస్తుందో తెలియదు, డాక్టర్ సారు ఇంటి గొడవ మనకెందుకని ఊరుకున్నారు.

అక్క మాత్రం చకచకా నేర్చింది. మొదటిరోజు గోల్‌పోస్టు పడగొట్టింది. మూడో క్యాంపు నాటికి మైదానంలో సున్నాలు చుట్టింది. ఒక చెయ్యి వదిలి కొంగు సర్దుకునే దాకా వచ్చింది. ఆమె మొహం ఎర్రగా వెలిగిపోతుంటే గేటు దగ్గర నిలబడి చూస్తూ నాకే గర్వంగా ఉండేది.

ఒకరోజు పొద్దున్నే ఆయన పరుగున వచ్చాడు. అరచేతిలో స్పార్క్ ప్లగ్గు. నిలబెట్టి నడిపే బండి ప్లగ్గు ఎప్పుడూ మసి పట్టి నల్లగా ఉంటుందనీ, ఆరోగ్యంగా తిరిగే బండి ప్లగ్గు కొస బిస్కెట్ రంగులో ఉంటుందనీ నాకు అప్పటికే పాఠం అయింది. ఇది బిస్కెట్ రంగులో ఉంది.

"చూసినవా" అన్నాడు. "ఇన్నేండ్ల నుంచి నల్లగనే ఉండె. ఇప్పుడు కుదిరింది. నా చెయ్యి కుదిరింది టీచరమ్మా."

అక్క వంటింటి గుమ్మంలోంచి నన్ను చూసింది. నేను ప్లగ్గును చూశాను. "చాలా బాగుంది సార్" అన్నాను. అంతకన్నా ఏమనగలను.

పుట్టు వెంట్రుకల రోజు వచ్చింది. తెల్లవారుజామున మొహం కడుక్కోవడానికి బయటికి వస్తే, వసారాలో ఆయన ఇంజను మూత విప్పి కూర్చుని ఉన్నాడు. రెండు చేతుల్లో రెండు పానాలు. పని చేస్తున్న మనిషిలా లేడు, బతికున్న పశువుకు విషం పెట్టబోతున్నవాడిలా ఉన్నాడు. నన్ను చూసి, "బిగించిన" అన్నాడు మెల్లగా. "రెండు ఊచలూ బిగించిన. ఇగ లెవ్వదు."

తన చేత్తో తన బండిని పాడుచేసుకున్నాడు. ఊరి ముందు, తోడల్లుడి ముందు, ముఖ్యంగా భార్య ముందు బయటపడకుండా ఉండటానికి ఇంకో దారి దొరకలేదు పాపం. ఆయన మీద కోపమూ జాలీ ఒకేసారి వచ్చాయి నాకు.

కాస్త ఎండెక్కాక స్కూటర్ వచ్చింది. తోడల్లుడు, చెల్లెలు, కొత్త చొక్కాలో పిల్లాడు. బండి వసారా దిగి రోడ్డు మీదికి వచ్చింది. చూడటానికి సగం ఊరు వచ్చింది. ఒక కోయ పెద్దాయన తన ఎద్దును వైద్యానికి తీసుకొచ్చి, ఇదేదో చూసిపోదామని ఎద్దుతో సహా నిలబడ్డాడు. అక్క పట్టుచీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది.

ఆయన కిక్కు మీద కాలు వేసి తొక్కాడు. కాలు మెత్తగా జారి కిందికి పోయింది, అడ్డేమీ లేనట్టు. మళ్ళీ తొక్కాడు. దగ్గు కూడా రాలేదు.

"అయ్యో, ఏదో రోగం వచ్చినట్టుంది" అన్నాడు మా అందరి కాళ్ళ వంక చూస్తూ. "మీరు నడువుండ్రి. మేం బస్సుల వస్తం."

అక్క ముందుకు వచ్చి కిక్కును చేత్తో ఒకసారి నొక్కి చూసింది. పట్టుచీర మోకాళ్ళ దాకా మడిచి, దుమ్ములోనే కూర్చుంది. మూత విప్పింది. ఊచను రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పబోయింది. అది కదల్లేదు. అప్పుడు తలెత్తి మొగుడి వంక ఒక్కసారి చూసింది. ఆ చూపు నా మీద పడి ఉంటే నేను ఊరు వదిలి పారిపోయేదాన్ని.

తర్వాత మళ్ళీ ఇంజను వైపు తిరిగి, ఆయన వంక చూడకుండా చెయ్యి చాపింది. ఆయన ఏమనుకున్నాడో ఏమో, అసలేమైనా అనుకున్నాడో లేదో, అలవాటు కొద్దీ సరైన పానా తీసి ఆ చేతిలో పెట్టాడు. ఆమె వదులు చేసింది. ఇంకో చెయ్యి చాపింది. ఇంకో పానా. ఊళ్ళో వాళ్ళు గుసగుసలు మానేశారు. ఒక ఊచ తిప్పి చూసింది, రెండోది తిప్పి చూసింది. మొదటిదాన్ని మళ్ళీ కొద్దిగా సవరించింది. ఆయన మెడ సాచి చూస్తూ, చివరికి ఉండబట్టలేక, "రెండోది ఇంకో వీసం" అన్నాడు.

"నాకెర్క" అంది అక్క.

మూత బిగించింది, చేతులు కొంగుకు తుడుచుకుంది, ఆ మరక ఆ పట్టుచీరకు చివరి దాకా ఉంది. లేచి ఒక్క తన్ను తన్నింది. బండి లేచింది. కోయ పెద్దాయన ఎద్దు రెండడుగులు వెనక్కి వేసింది. తోడల్లుడు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. అక్క ముందు సీటు మీద కూర్చుంది.

ఇప్పుడిక అందరూ ఆయన్నే చూస్తున్నారు. తోడల్లుడు, "వదినా, మీరు తోలుతరా? మరి అన్న..." అని ఆగిపోయాడు. ఇన్నేళ్ళ పరువు, ఆయన ఇంజను వైద్యం, ఫారెస్టు వాళ్ళ నమస్కారాలు అన్నీ ఆ నిమిషంలో రోడ్డు మీద నిలబడి ఉన్నాయి.

"మీ అన్న ముందు కూసుంటే ఇంజన్ రోగం ఎవరు వింటరు" అంది అక్క, అదేదో లోకంలో అందరికీ తెలిసిన మాటే అన్నట్టు. "ఆయన వెనక కూసోవాలె. అందుకే తోలుడు నాకు నేర్పించిండు. ఎక్కయ్యా, జల్దీ, పొద్దెక్కుతున్నది."

ఊరంతా ఒక్కసారిగా తలలూపింది. అవ్, వెనక కూసున్నోనికే వినపడ్తది. మైదానం సంగతి తెలిసిన వాళ్ళు మరీ గట్టిగా ఊపారు. ఆయన ఎక్కాడు. బండి ముందు, స్కూటర్ వెనక, దుమ్ము లేపుకుంటూ సారపాక రోడ్డు పట్టాయి. నేను బస్సు కోసం నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ ఒక్కదాన్నే పిచ్చిదానిలా నవ్వుకున్నాను.

ఆ తర్వాత ఆయన నడిచి క్యాంపులకు పోలేదు. అక్కే దించేది. అడవి ఊళ్ళలో పిల్లలు ఆ చప్పుడు వినగానే పశువులను తోలుకొచ్చేవాళ్ళు. ఆయన వెనక నుంచి దిగి, ముందు బండి గుండె విని, తర్వాతే ఎద్దుల గుండె వినేవాడు. నల్ల పెట్టకు వేరే గంప ఏర్పాటైంది. నాకు వైరా వైపు బదిలీ అయింది, పెళ్ళయింది, ఏడాదికొక జాబు, తర్వాత ఫోన్లు. బైకుల రోగాల గురించి ఫోన్లో చెబుతుంటే మా ఆయన పక్క గదిలోంచి ఎవరికి ఒంట్లో బాగాలేదని అడిగేవాడు.

ఆయన పోయాడని తెలిసి పరామర్శకు వెళ్ళాను. అక్క బాగా ముసలిదైపోయింది, కానీ మాట పదును తగ్గలేదు. నన్ను చూసి ముందు ఏడ్చింది, తర్వాత చాయ్ పెట్టింది, తర్వాత ఇద్దరం ఆయన చేష్టలు చెప్పుకుంటూ నవ్వాము. చావింట్లో నవ్వుతున్నామని వాళ్ళ చెల్లెలు కసిరింది. అప్పుడు అడిగాను, ఆ రోజు బ్రిడ్జి మీద ఎలా ఉందక్కా అని. ఇన్నేళ్ళలో ఎందుకో ఎప్పుడూ అడగలేదు.

"ఏమున్నది, బ్రిడ్జి ఎక్కంగనే భయపడ్డడు. కింద గోదారి నిండుగ ఉండె. నా నడుం చుట్టు రెండు చేతులేసి పట్టుకున్నడు, నలుగురిల ఎన్నడు చెయ్యి గూడ పట్టనోడు. తల నా వీపుకు ఆనించి కండ్లు మూసుకున్నడు. 'బ్రిడ్జి అయిపోయిందానే' అని అడుగుడు మొదలుపెట్టిండు. ఇంకా లేదయ్యా, ఇంకా ఉన్నది, గట్టిగ పట్టుకో అన్న."

అక్క చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"బ్రిడ్జి ఎప్పుడో దాటినం టీచరమ్మా. భద్రాచలం బజారు కూడ సగం అయిపోయింది. ఇంకా ఉన్నదనే చెప్పిన."